ఇంట పులి, చట్టంలో సందు

తణుకు నుంచి 2007లో వైద్యవిద్య కోసం ఉక్రెయిన్ వెళ్ళి, అక్కడే డాక్టరుగా స్థిరపడిన తెలుగువాడొకాయన కీవ్ జూ నుంచి రెండు పెద్ద పిల్లులను కొనుక్కున్నాడు. ఒకటి యాషా. మగ చిరుతకూ ఆడ జాగ్వార్‌కూ పుట్టిన సంకరం అది. రెండోది సబ్రీనా, నల్ల చిరుత. యూట్యూబ్‌లో ఆయన జాగ్వార్ కుమార్‌గా పేరుపడ్డాడు. చిరంజీవి ‘లంకేశ్వరుడు’లో చిరుతను చూసినప్పటి నుంచీ తనకీ కోరిక ఉందని చెప్పుకున్నాడు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక భారతీయులంతా తిరిగి వచ్చేస్తుంటే, వాటిని వదిలి రానని బేస్‌మెంట్‌లో వాటితోపాటే తలదాచుకున్నాడు. ఆఖరికి లుహాన్‌స్క్ ప్రాంతంలోని ఒక రైతుకు వాటిని అప్పగించి పోలండ్ చేరక తప్పలేదు. ఆ మూగజీవాలను కాపాడమని భారత ప్రభుత్వాన్ని వేడుకున్నాడు.

మన టీవీ చానెళ్ళలో ఈ కథంతా మమకారం గురించే నడిచింది. చట్టం సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఉక్రెయిన్‌లో కొనుక్కోగలిగిన ఆ రెండింటినీ ఆయన తణుకులో ఉంచుకోగలిగేవాడా? ఉస్మానియా క్యాంపస్‌లో న్యాయశాస్త్రం చదివే పిల్లల ముందు ఈ ప్రశ్న పెడితే సాధారణంగా రెండు రకాల జవాబులు వస్తాయి. మన దేశంలో ప్రైవేటు మనిషి ఏ పులినీ చిరుతనూ పెంచకూడదు, అంతే అంటారు కొందరు. విదేశీ జంతువైతే పర్మిషన్ తీసుకుంటే సరిపోతుంది అంటారు ఇంకొందరు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. మొదటిది మన అడవుల్లో పుట్టిన జాతులకు పూర్తిగా వర్తిస్తుంది. రెండోది విదేశీ జాతుల విషయంలో 2023 దాకా చట్టంలో ఉన్న సందులోంచి పుట్టిన నమ్మకం. ఆ సందును ఇప్పుడు పూడ్చారు గానీ, పూడ్చిన తీరుతో నాకు పేచీ ఉంది.

ముందు మన జాతుల సంగతి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అప్పటికి వన్యప్రాణులు రాష్ట్రాల జాబితాలో ఉండేవి. అందుకని, మా తరఫున మీరే చట్టం చేయండని 11 రాష్ట్రాలు పార్లమెంటును కోరాయి. ఆ 11లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పెద్దపులి, సింహం, చిరుత, మంచు చిరుత మొదలుకొని మన కోరింగ మడ అడవుల్లోని బావురు పిల్లి వరకు అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వీటిని చంపడమే నేరమనుకుంటారు చాలామంది. కానీ చట్టం రాసినవాళ్ళు వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చాలా విశాలం. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, తరమడం, ఇంకో జంతువును ఉసిగొల్పి వేటాడించడం అన్నీ దాని కిందికే వస్తాయి. పొలంలో దొరికిన చిరుత కూనను చొక్కాలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నా చట్టం దృష్టిలో అది వేటే.

39వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది. వేటాడిన, పట్టుకున్న, చచ్చి దొరికిన అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. 57వ సెక్షన్ నిరూపణ భారాన్ని నిందితుడి మీద పెడుతుంది. నీ దగ్గర దొరికిందంటే అక్రమంగా ఉంచుకున్నావనే అనుకుంటాం, కాదని నువ్వే నిరూపించుకో అంటుంది. మామూలు క్రిమినల్ కేసుల్లో నిరూపించాల్సిన బాధ్యత పోలీసులది. ఇక్కడ తిరగబడింది. మొదటి షెడ్యూలు జంతువైతే కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఏడేళ్ళు జైలు. జరిమానా కనీసం పది వేలుండేదాన్ని 2022 సవరణలో పాతిక వేలు చేశారు. డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలు కూడా లేదు.

ఇంత కఠినంగా ఎందుకు రాశారో తెలియాలంటే చీటాల చరిత్ర చూడాలి. మన సంస్థానాధీశులు చీటాలను పట్టి, మచ్చిక చేసి, కృష్ణజింకల మీదికి వదిలేవారు. కట్టేసి పెంచిన చీటా పిల్లలు పెట్టడం మహా అరుదు. మొగలుల దగ్గర వందల చీటాలుంటే, జహంగీర్ కాలంలో ఒకే ఒక్క ఈత నమోదైంది. అంటే రాజుల చీటాఖానాలోని ప్రతి చీటా అడవిలోంచి వచ్చిందే. ఒకటి చస్తే ఇంకొకటి అడవి నుంచే రావాలి. 20వ శతాబ్దం మొదటికి మన చీటాలు చాలక ఆఫ్రికా నుంచి తెప్పించుకున్న సంస్థానాలు ఉన్నాయి. 1952లో ఈ జంతువు దేశంలో లేదని ప్రభుత్వం ప్రకటించింది. పచ్చిక బయళ్ళు పొలాలు కావడం, తుపాకి వేట కూడా కారణాలే. కానీ ప్రేమగా, గొప్పగా, వెల్వెట్ తాడుతో పెంచుకున్న చేతులూ అందులో ఉన్నాయి. సొంతం చేసుకోవాలనే కోరిక ఒక జాతిని ఎలా తోడేస్తుందో దీనికి మించిన ఉదాహరణ మన దగ్గర లేదు.

ఈ కథకు హైదరాబాదు తార్నాక దగ్గర ఒక కొసరు ఉంది. తార్నాక చౌరస్తా దాటి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ రోడ్డు పట్టుకుంటే వచ్చే సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం)లో, లాల్జీ సింగ్ నాయకత్వంలో, చీటాను క్లోనింగ్ ద్వారా తిరిగి పుట్టించాలన్న ప్రయత్నం 2000 ప్రాంతంలో సాగింది. అందుకు ఇరాన్ నుంచి ఆసియా చీటా కణాలు కావాల్సి వచ్చింది. ఇరాన్ ఒప్పుకోలేదు. ఆ కల అక్కడే ఆగింది. 2022 సెప్టెంబరు 17న కూనో అడవిలో అడుగుపెట్టినవి నమీబియా చీటాలు.

సీసీఎంబీ ప్రస్తావన ఇంకో కారణంగా కూడా అవసరం. పెద్ద పిల్లుల చట్టం కోర్టులో నిలబడుతోందంటే దాని వెనుక ఈ ప్రయోగశాలల పాత్ర చిన్నది కాదు. అటవీ శాఖ వాళ్ళు పట్టుకునే సరుకు చాలాసార్లు ముక్కల్లో ఉంటుంది. ఒక చర్మపు పేలిక, రెండు పళ్ళు, నాలుగు వెంట్రుకలు, వండేసిన మాంసం. ఇది ఆవు చర్మం మీద రంగేసింది సార్ అంటాడు నిందితుడు. పూర్వం నిపుణుడు కళ్ళతో చూసి చెప్పిన సాక్ష్యం మీదే కేసు నడిచేది. డిఫెన్స్ లాయరు పది ప్రశ్నలు వేస్తే అది కూలిపోయేది. 2003లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఒక ఉపాయం ప్రచురించారు. కణంలోని మైటోకాండ్రియాలో సైటోక్రోమ్-బి అనే జన్యువు ఉంటుంది. దాని రెండు చివరలు అన్ని జంతువుల్లోనూ దాదాపు ఒకేలా ఉండి, మధ్యభాగం జాతికొక తీరుగా మారే ఒక ముక్కను వాళ్ళు ఎంచుకున్నారు. చివరలు ఒకటే కాబట్టి ఏ జంతువుదైనా ఒకే జత ప్రైమర్లతో, అంటే కాపీ తీయడం మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ తునకలతో, ఆ ముక్క కాపీలను పెంచవచ్చు. మధ్యభాగాన్ని చదివితే అది చిరుతదో, పెంపుడు పిల్లిదో, ఆవుదో తేలిపోతుంది. దేశంలోని అటవీ శాఖలు, కోర్టులు, కస్టమ్స్ వాళ్ళు ఈ పద్ధతి మీద ఆధారపడి నమూనాలను హైదరాబాదు పంపుతూ వచ్చారు. ఆ పని ఇప్పుడు అత్తాపూర్‌లోని సీసీఎంబీ వన్యప్రాణి ప్రయోగశాల లాకోన్స్‌లో జరుగుతోంది. చట్టం పుస్తకంలో ఎంత గట్టిగా ఉన్నా, ఇది పులిదే అని చెప్పగలిగే శాస్త్రం లేకపోతే 57వ సెక్షన్ కూడా నిలవదు.

పులిగోరు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మన ఇళ్ళలో పులిగోరు గొలుసు పిల్లల మెడలో దిష్టికి, మగవాళ్ళ మెడలో దర్జాకు. తార్నాక నగల షాపుల్లో దొరికేవి బంగారం చుట్టిన ప్లాస్టిక్, కొమ్ము నమూనాలే. తాతల కాలం నాటి అసలు గోరు ఇంట్లో ఉందనుకోండి, దాన్ని 1972 చట్టం వచ్చినప్పుడు ప్రకటించి యాజమాన్య ధ్రువపత్రం తీసుకుని ఉండాలి. అది తప్పినవాళ్ళకు 2003లో 180 రోజులు మరో గడువిచ్చారు. అదీ దాటిపోతే బీరువాలో ఉన్నా నేరమే. 2023 అక్టోబరులో బెంగళూరులో టీవీ షోలో ఉన్న వ్యక్తిని పులిగోరు లాకెట్ వేసుకున్నాడని షో మధ్యలోంచే అరెస్టు చేశారు. ఆ తర్వాత మన దగ్గర కూడా చాలామంది మెడలు తడుముకున్నారు. నన్నడిగితే ఈ కఠినత్వం సరైనదే. గోరుకు ధర ఉన్నంతకాలం పులికి ప్రాణభయం ఉంటుంది. 2000 అక్టోబరులో నెహ్రూ జూలాజికల్ పార్కులో సఖి అనే ఆడపులిని బోనులోనే చంపి చర్మం ఒలిచారు. తాళం వేసి, కాపలా పెట్టిన ప్రభుత్వ ఆస్తికే హైదరాబాదు నడిబొడ్డున ఆ గతి పట్టింది.

చట్టంలో సర్కసులకు మినహాయింపు ఉండేది. జంతుహింస నిరోధక చట్టం కింద 1998లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ దాన్ని మూసేసింది. ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలు, వీటికి ప్రదర్శన కోసం శిక్షణ ఇవ్వకూడదు, ఆడించకూడదు. సర్కసు యజమానులు తమ జీవనోపాధి హక్కు పోతోందని కోర్టుకెక్కారు. 2001లో సుప్రీంకోర్టు నోటిఫికేషన్‌నే సమర్థించింది. తెలుగు సినిమాలో బతికున్న పులి కనబడకుండా పోయి గ్రాఫిక్స్ పులి వచ్చింది ఆ నోటిఫికేషన్ వల్లే.

సర్కసు డేరాల్లోంచి బయటపడ్డ వందల సింహాలు, పులులు ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నకు దొరికిన జవాబుల్లో రెండు మన దగ్గరే ఉన్నాయి. విశాఖ జూ సమీపంలో ముడసర్లోవ వద్ద ఒక పునరావాస కేంద్రం, తిరుపతి శ్రీవేంకటేశ్వర జూలో మరొకటి. అక్కడికి వచ్చిన సింహాల్లో చాలావరకు గిర్ సింహాలు కావు, ఆఫ్రికా సింహాలతో కలిసిన సంకరాలు. ఏ యజమానీ జాతి స్వచ్ఛత చూసుకోలేదు. పిల్లలు పుడితే ఆటకు కొత్త జంతువు దొరికిందనుకున్నారు. ఈ సింహాలను సంతతి పెరగకుండా వేరుగా ఉంచి, తిండీ వైద్యమూ ఇస్తూ ముసలితనం దాకా సాకారు. అడవికి పనికిరావు, జూల సంతానోత్పత్తి కార్యక్రమానికీ పనికిరావు. సింహం పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. అన్నాళ్ళూ రోజూ కిలోల కొద్దీ పెద్దమాంసం. ఆ ఖర్చు జంతువు మీద సంపాదించినవాడు పెట్టలేదు, ప్రభుత్వం పెట్టింది. ప్రైవేటు యాజమాన్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్క ముందు రావాలి. మోజు పదినెలలు, జంతువు ఆయుష్షు పదిహేనేళ్ళు.

ఇక విదేశీ జాతులు. 2023 దాకా 1972 చట్టం షెడ్యూళ్ళలో ఉన్నవి మన దేశపు జంతువులే. జాగ్వార్, ప్యూమా, ఆఫ్రికా అడవి పిల్లి సర్వాల్ అందులో ఉండేవి కావు. అంటే అప్పట్లో అమెరికా ఖండపు జాగ్వార్ ఒకటి ఎలాగో ఒకలా సరిహద్దు దాటి హైదరాబాదులో ఒక ఫామ్‌హౌస్ చేరిందనుకోండి. సరిహద్దు దగ్గర పట్టుబడితే కస్టమ్స్ చట్టం ఉండేది. లోపలికి వచ్చాక అటవీ అధికారి చేతిలో వన్యప్రాణి చట్టం ఉండేది కాదు. బావురు పిల్లిని ఉంచుకున్న పేదవాడికి జైలు, జాగ్వార్‌ను ఉంచుకున్న సంపన్నుడికి ఏ సెక్షన్ పెట్టాలో తెలియని పరిస్థితి. ఈ సందు అక్రమ రవాణాకు ఊతమిచ్చింది. మన షెడ్యూలులో ఉన్న జాతులను కూడా ఆ రవాణా వదల్లేదు. 2019 ఫిబ్రవరిలో చెన్నై విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి దిగిన ప్రయాణికుడి సామానులో నెల వయసు చిరుత కూన దొరికింది. బరువు కిలో పైచిలుకు. పాలు తాగే వయసులో తల్లి దగ్గర ఉండాల్సింది బ్యాగులో ఊపిరాడక అరుస్తుంటే కస్టమ్స్ వాళ్ళకు తెలిసింది. అదే ఏడాది జూన్‌లో కోల్‌కతా శివార్లలో ఒక కారులో సింహం కూన పట్టుబడింది.

2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక సలహాపత్రం ఇచ్చింది. విదేశీ జంతువులు ఉన్నవాళ్ళు ఆరు నెలల్లో స్వచ్ఛందంగా వెల్లడించండి, ఎక్కడి నుంచి తెచ్చారని పత్రాలు అడగం అంది. గడువులోగా వెల్లడించినవాళ్ళ మీద విచారణ ఉండకూడదని అలహాబాద్ హైకోర్టు కూడా చెప్పింది. లెక్క తెలియడం మంచిదేనని వాదించేవాళ్ళు ఉన్నారు. ఆ వాదనలో బలం లేకపోలేదు. ఏ ఇంట్లో ఏముందో తెలియకుండా ఏ నియంత్రణా సాధ్యం కాదు. కానీ పాపం దొంగతనంగా వచ్చిన జంతువుదా? దాన్ని తెచ్చినవాడిది. ఆ ఆరు నెలల్లో అతనికి మాఫీ దొరికింది.

అసలు మార్పు 2022 సవరణతో వచ్చింది. డిసెంబరు 19న రాష్ట్రపతి ఆమోదం, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందమైన సైటిస్‌లో ఉన్న జాతులను చట్టంలో నాలుగో షెడ్యూలుగా చేర్చారు. భారత్ ఆ ఒప్పందంలో 1976లోనే చేరింది. దాన్ని తన చట్టంలోకి సరిగ్గా తెచ్చుకోవడానికి 46 ఏళ్ళు పట్టింది. సైటిస్ జాబితాలో పెంపుడు పిల్లి తప్ప మార్జాల కుటుంబం మొత్తం ఉంది. కాబట్టి ఇప్పుడు జాగ్వార్, ప్యూమా, సర్వాల్, ఆఫ్రికా సింహం అన్నీ చట్టం పరిధిలోకి వచ్చాయి. ఉక్రెయిన్ డాక్టరు యాషాను ఇక్కడికి తేవాలంటే సైటిస్ అనుమతులు, దిగుమతి లైసెన్సు కావాలి. తెచ్చినా సబ్రీనాను అసలు ఉంచుకోలేడు. నల్ల చిరుత కూడా చిరుతే, మొదటి షెడ్యూలులోనిది. ఇంకా నాలుగో షెడ్యూలు జంతువు ఉన్నవాళ్ళంతా నమోదు చేసుకోవాలి. అందుకు 2024 ఫిబ్రవరి 28న నియమాలు వచ్చాయి. పరివేష్ పోర్టల్లో ఆరు నెలల్లో దరఖాస్తు, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పరిశీలన. పుట్టుక, చావు, బదిలీ కూడా చెప్పాలి.

నా పేచీ ఇక్కడ. ఈ నియమాలు చిలుకకూ చిరుత సైజు జంతువుకూ ఒకే కొలబద్ద పెట్టాయి. మెకావ్ చిలుకను నమోదు చేసుకోవడం వేరు, ప్యూమాను నమోదు చేసుకోవడం వేరు. చట్టం అడిగే ప్రశ్న ఇది నీదేనా, ఎక్కడిది అన్నదే. ఎలా బతుకుతోంది, పక్కింటివాళ్ళకు ప్రమాదమేమిటి, నువ్వు విసిగిపోతే ఏం చేస్తావు అనే ప్రశ్నలు వెనకబడిపోయాయి. సెంట్రల్ జూ అథారిటీ నియమాల ప్రకారం జూలో ఒక జత పులులకో సింహాలకో కనీసం 1000 చదరపు మీటర్ల ఆరుబయలు ఉండాలి. మన లెక్కలో దాదాపు 1200 గజాలు. తార్నాకలో 200 గజాల ప్లాటు కొనడానికి ఒక ఉద్యోగి జీవితకాలం అప్పు కడతాడు. జూ నిర్వాహకుడికి ఈ కొలత తప్పనిసరి. జనానికి చూపించకుండా ఫామ్‌హౌస్‌లో ఉంచుకునేవాడికి ఆ కొలత వర్తించదు. జూ అంటే ప్రదర్శనకో, సంరక్షణకో పెట్టే చోటని కదా నిర్వచనం. తాళం వేసుకున్నవాడి బాధ్యత తగ్గిపోవడం ఏం న్యాయం?

అమెరికా ఈ ప్రశ్నను వేరే దారిలో తేల్చుకుంది. మన సవరణకు ఆమోదం వచ్చిన మర్నాడే, 2022 డిసెంబరు 20న, అధ్యక్షుడు బైడెన్ బిగ్ క్యాట్ పబ్లిక్ సేఫ్టీ చట్టం మీద సంతకం చేశాడు. సింహం, పులి, చిరుత, మంచు చిరుత, క్లౌడెడ్ లెపర్డ్, జాగ్వార్, చీటా, ప్యూమా, వీటి సంకరాలు. ప్రైవేటు వ్యక్తులు కొత్తగా వీటిని కొనకూడదు, పెంచకూడదు, పిల్లలు పెట్టించకూడదు. అప్పటికే ఉన్నవాళ్ళు 2023 జూన్ 18లోగా నమోదు చేసుకుంటే ఆ జంతువు చనిపోయేదాకా ఉంచుకోవచ్చు. అంటే ఆ నమోదు ఉన్నవాటి లెక్క తేల్చి, తలుపు మూయడానికి. మనది తలుపు దగ్గర రిజిస్టరు పెట్టి కూర్చోవడం. అదీ తేడా.

ఆ దేశం అంత తేలిగ్గా అక్కడికి రాలేదు. 2011 అక్టోబరు 18న ఓహైయో రాష్ట్రం జేన్స్‌విల్ దగ్గర ఒక యజమాని తన జంతువుల బోనులు తెరిచి ఆత్మహత్య చేసుకున్నాడు. అక్కడున్న 56 జంతువుల్లో చాలావరకు బయటికొచ్చాయి. చీకటి పడుతుండగా పోలీసులకు కాల్చడం తప్ప దారి లేకపోయింది. దాదాపు 50 చనిపోయాయి, అందులో 18 పులులు. దాని తర్వాతే ఓహైయో 2012లో చట్టం చేసింది. టెక్సస్‌లో 2001 నుంచి కౌంటీల వారీగా నిషేధమో నమోదో ఉంది. 2021 మేలో మనవాళ్ళు వేలల్లో ఉండే హ్యూస్టన్‌లో ఒక కాలనీ పచ్చిక మీద తొమ్మిది నెలల పులి తిరుగుతూ కనబడింది. దాని పేరు ఇండియా. వారం రోజులు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. నగరంలో పులిని ఉంచడం నిషేధమే. ఊళ్ళో నిషేధం, పక్క కౌంటీలో నమోదు ఉంటే పులి కారెక్కి ఊళ్ళోకి వస్తుందని అమెరికాకు అప్పుడు బాగా తెలిసింది.

బ్రిటన్ 1976 నుంచి ప్రమాదకర అడవి జంతువుల చట్టం కింద స్థానిక కౌన్సిల్ లైసెన్సు పెట్టింది. తనిఖీ, బీమా ఉంటేనే లైసెన్సు. మన కరీంనగర్, నిజామాబాద్ కార్మికులు పనిచేసే ఎమిరేట్స్‌లో కారు ముందు సీట్లో చీటాను కూర్చోబెట్టుకున్న ఫొటోలు ఒకప్పుడు మామూలు. 2016 చట్టం దాన్ని నిషేధించింది. జూలకు, పరిశోధనా సంస్థలకు మాత్రమే అనుమతి. గల్ఫ్‌లో సైతం తప్పని తేల్చిన దర్జా అది.

మన దేశంలో ప్రైవేటు సంస్థ చట్టబద్ధంగా పెద్ద పిల్లులను ఉంచాలంటే జూగా గుర్తింపు పొందాలి. జామ్‌నగర్‌లోని వంతారా అలా నడుస్తున్నదే. అక్కడి జంతువుల సేకరణ మీద ఆరోపణలు రాగా, సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో విచారణ బృందాన్ని వేసింది. దానికి నాయకత్వం వహించినది మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. నిబంధనల ఉల్లంఘన లేదన్న ఆ బృందం నివేదికను కోర్టు సెప్టెంబరు 15న ఆమోదించింది. ఆ సంస్థ విషయం తేలిపోయినా, కలిగినవాళ్ళు వ్యక్తులుగా చేయలేనిది సంస్థగా చేసుకోవచ్చా అనే ప్రశ్న మిగిలే ఉంది. నా మటుకు, జూ గుర్తింపు ఇచ్చేటప్పుడు జంతువు ఎందుకు అవసరం అన్న ప్రశ్న ఎంత పెద్ద సంస్థనైనా అడగాలి.

క్యాంపస్ కుర్రకారు ఫోన్లలో ఎక్కువగా కనబడేది మాత్రం సంకర పిల్లులు. బెంగాల్ పిల్లి పూర్వీకుల్లో ఆసియా చిరుతపిల్లి ఉంది, సవానా పిల్లి పూర్వీకుల్లో సర్వాల్ ఉంది. అడవి రక్తం నాలుగు తరాల లోపుదైతే సైటిస్ దాన్ని అడవి జంతువుగానే చూస్తుంది. ఆ తరువాతివి పెంపుడు పిల్లుల కిందికి వస్తాయి. అమ్మేవాడు చెప్పే తరం లెక్కను కొనేవాడు ఎలా నమ్మాలి? పత్రం అడగండి, లేకపోతే కొనకండి.

పెద్ద పిల్లుల్ని దగ్గర ఉంచుకోవడంలో ప్రమాదం పంజాకే పరిమితం కాదు. 2021 మేలో నెహ్రూ జూలోని ఎనిమిది ఆసియా సింహాలకు కోవిడ్ సోకిందని పరీక్షించి చెప్పింది సీసీఎంబీ శాస్త్రవేత్తలే. దేశంలో అదే మొదటిసారి. మనిషి నుంచి సింహానికి జబ్బు పాకితే గుర్తించడానికి జూలో వైద్యులున్నారు, కాపరులున్నారు, పక్కనే ప్రయోగశాల ఉంది. ఫామ్‌హౌస్‌లో ఎవరున్నారు?

నాకు అన్నిటికన్నా ఎక్కువ బెంగ కలిగించేవి సింహాలూ జాగ్వార్లూ కావు. మన చెరకు తోటల్లో, వరికోతల్లో దొరికే పిల్లికూనలు. అడవి పిల్లి పొలాల గట్లమీద, తుప్పల్లో పిల్లలు పెడుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాలో బావురు పిల్లి మడ అడవి అంచున, చేపల చెరువుల చుట్టూ తిరుగుతుంది. నల్లమలలో, శేషాచలంలో ఉండే తుప్పు మచ్చల పిల్లి ఎదిగాక కూడా కిలో, కిలోన్నర తూగుతుంది. దాని కూన అచ్చం మామూలు పిల్లిపిల్లలాగే ఉంటుంది. కోత మిషను వచ్చేసరికి తల్లి పారిపోతుంది. కూనలు మిగిలిపోతాయి. చూసినవాళ్ళకు జాలి కలుగుతుంది. ఇంటికి తెచ్చి ఆవుపాలు పోస్తారు. ఆవుపాలు వాటికి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. బతికినవి ఆరు నెలలకు పక్కింటి కోళ్ళమీద పడతాయి, చేతులు చీరతాయి. అప్పుడు భయం మొదలవుతుంది. ఊళ్ళో పాలేరైనా, సెలవులకు ఇంటికెళ్ళి దొరికిన కూనను సంచిలో పెట్టుకుని క్యాంపస్ హాస్టల్‌కు తెచ్చిన కుర్రాడైనా భయం ఒకటే. అటవీ శాఖకు చెబితే కేసు పెడతారేమో.

ఆ భయం ఉత్తిది కాదు. 2022 సవరణలో 42ఎ సెక్షన్ కింద స్వచ్ఛందంగా జంతువును అప్పగించే దారి ఒకటి పెట్టారు. కానీ అది యాజమాన్య ధ్రువపత్రం ఉన్నవాళ్ళకు. పొలంలో కూనను ఎత్తుకొచ్చినవాడికి ధ్రువపత్రం ఎక్కడిది? అతని ముందు రెండే దారులు. కేసుకు సిద్ధపడి అప్పగించడం, లేదా చీకటి పడ్డాక ఏ రోడ్డు పక్కనో వదిలేయడం. ఎక్కువమంది రెండోది ఎంచుకుంటారు. వేటాడడం రాని ఆ జంతువు కుక్కల పాలవుతుంది.

మహారాష్ట్రలో జున్నర్ ప్రాంతపు చెరకు తోటల్లో చిరుత కూనలు దొరికినప్పుడు అటవీ సిబ్బంది, వన్యప్రాణి వైద్యులు వాటిని పరీక్షించి, సాయంత్రం అదే చోట ఒక పెట్టెలో ఉంచి, కెమెరాలు పెట్టి తప్పుకుంటారు. చాలాసార్లు రాత్రికి తల్లి వచ్చి నోట కరుచుకుని తీసుకుపోతుంది. రైతులు ఫోను చేస్తున్నారు కాబట్టే ఆ పని సాగుతోంది. ఫోను చేస్తే కేసు ఉండదన్న నమ్మకం అక్కడ అటవీ సిబ్బంది ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి కలిగించారు. తెలంగాణ, ఆంధ్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్లు ఇద్దరూ ఒక సర్క్యులర్‌తో దీన్ని మొదలుపెట్టవచ్చు. దొరికిన కూన గురించి ఇరవైనాలుగు గంటల్లో తెలియజేసినవాళ్ళను సాక్షులుగానే చూడాలి, నిందితులుగా చూడకూడదు. ఏ పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళినా ఆయన వైద్యం చేసి శాఖకు తెలియజేయాలి. నాలుగో షెడ్యూలు విషయంలో కేంద్రం చేయాల్సింది వేరే ఉంది. మార్జాల కుటుంబాన్ని మొత్తం నమోదు జాబితాలోంచి తీసి, కొత్తగా ఏ ప్రైవేటు వ్యక్తికీ అనుమతి లేదని నియమాల్లో ఒక వాక్యం రాయాలి. ఇప్పటికే నమోదైన ప్రతి పిల్లి పేరున దాని ఆయుష్షుకు సరిపడా డిపాజిట్ కట్టించుకోవాలి. ముడసర్లోవలో సింహాలకు పెట్టిన ఖర్చు లెక్కలు అటవీ శాఖ దగ్గరే ఉన్నాయి. ఎంత కట్టించుకోవాలో వాటినిబట్టి తేల్చవచ్చు.